మన దేవుడు ఒక్కడే
(త్రిత్వ ఆదివార ధ్యానము)

ధ్యాన వాక్యములు: ద్వితీయోపదేశకాండము 6:4, మత్తయి 28:19, యోహాను 17:20–26



పెంతెకోస్తు పండుగ తరువాత వచ్చు ఆదివారమును మన సంఘము త్రిత్వ ఆదివారముగా ఆచరించుచున్నది. క్రిస్మసునాడు ఏమి జరిగెనో, ఈస్టరునాడు ఏమి జరిగెనో మన పిల్లలు సయితము చెప్పగలరు. త్రిత్వ ఆదివారమునకు అట్టి సంఘటన యేదియు లేదు. ఆ దినమున మనము చేయవలసిన పని యొక్కటే. ఇంతవరకు ఈ కార్యములన్నియు చేసిన దేవుడెవరు అని నిలిచి ఆలోచించుట. ఇట్టి ఆలోచన పండితులకు తగినదే గాని కూలి నాలి చేసికొని బ్రదుకువారికి తగినది కాదని కొందరు తలంతురు. మేమట్లు తలంచుట లేదు. ఏలయనగా ఈ ప్రశ్న మనలను పాఠశాలలో గాక బజారులోనే ఎదుర్కొనుచున్నది.

మన కుసుమంచి ప్రాంతపు విశ్వాసులు మిరప తోటలో కాయలు ఏరుచున్నప్పుడు ప్రక్క చాలులోనివారు అడుగుదురు. టీ హోటలు బల్లమీద కూర్చున్నప్పుడు ఎదుటివారు అడుగుదురు: మీకు దేవుళ్లు ఎంతమంది? ఒకడా, ముగ్గురా? ముస్లిము పొరుగువాడు, దేవుడు ఒక్కడే గదా, మీరు ముగ్గురిని చేసితిరేమి అనును. హిందూ పొరుగువాడు, మాకును త్రిమూర్తులు కలరు, మీదియు మాదియు ఒక్కటే గదా అని స్నేహముగా అనును. మూడవ విధమువారు మన బైబిలునే చేతపట్టుకొని మన గుమ్మమునొద్దకు వత్తురు. ఇప్పుడు సెల్ ఫోనులలోను వచ్చుచున్నారు. వారిలో కొందరు యేసు దేవుడు కాడు, దేవుడు సృజించిన వారిలో మొదటివాడు మాత్రమే అందురు. మరి కొందరు యేసే తండ్రి, యేసే ఆత్మ, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామమున మీరు పొందిన బాప్తిస్మము చెల్లదు, మరల పొందుడి అందురు. ఈ మాట వలన ఒక ఇంటిలోనే భార్య యొక మందిరమునకును భర్త యొక మందిరమునకును పోవు స్థితి కొన్ని గ్రామములలో కలిగియున్నది. కాబట్టి ఇది వట్టి తర్కము కాదు, మన ఇండ్లలోని సమాధానమునకు సంబంధించిన సంగతి.

దేవుడు ఒక్కడే

మొట్టమొదట మనము దృఢముగా చెప్పవలసినది, దేవుడు ఒక్కడే. ఈ మాట ముస్లిములకు భయపడి మనము చెప్పుమాట కాదు. ఇశ్రాయేలీయులకు మోషే ఇచ్చిన మొదటి పాఠమిదే (ద్వితీ. 6:4). ఆజ్ఞలన్నిటిలో ప్రధానమైనదేదని శాస్త్రి అడిగినప్పుడు మన ప్రభువు ఈ మాటతోనే ఆరంభించెను (మార్కు 12:29). విగ్రహములతో నిండిన కొరింథు పట్టణములోని విశ్వాసులకు పౌలు వ్రాసినదియు ఇదే (1 కొరింథీ. 8:4–6). ముగ్గురు దేవుళ్లున్నారని బోధించువాడు క్రైస్తవ బోధకుడు కాడు.

మన ముస్లిము పొరుగువారితో మనము జగడమాడ నక్కరలేదు. దేవుడు భార్యను చేర్చుకొని బిడ్డను కనెనని మనము చెప్పుచున్నామని వారిలో కొందరి తలంపు. అట్టి మాట మనకును దూషణయే. కుమారుడు అను మాట శరీర సంబంధమైన పుట్టుకను గూర్చినది కాదు. దీపము వెలిగిన క్షణమునుండి వెలుగు ఉన్నట్లు, తండ్రి యున్నప్పుడెల్ల కుమారుడు ఉన్నాడు. కుమారుడు లేని కాలమొకటి లేదు (యోహాను 1:1–3). ఈ సంగతిని నెమ్మదిగా, పొరుగువాని విశ్వాసమును హేళన చేయక చెప్పవలెను.

హిందూ పొరుగువారు స్నేహముతో చెప్పు మాటకును మనము స్నేహముతోనే ఉత్తరమియ్యవలెను. కాకతీయుల కాలపు శివాలయము మన కుసుమంచిలోనే కలదు. హనుమకొండలో 1163వ సంవత్సరమున రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభముల గుడిని మనలో అనేకులు చూచియున్నారు. అది త్రికూటాలయము. శివునికొకటి, విష్ణువునకొకటి, సూర్యునికొకటి, మూడు గర్భగుడులు. మూటికిని నడుమ మండపమొకటే. గొప్ప శిల్పుల పని యది. అయినను మన విశ్వాసము అట్టి కట్టడము వంటిది కాదు. ఒక్క మండపములో ముగ్గురిని చేర్చి మనము ఏకత్వమని పేరు పెట్టలేదు. త్రిమూర్తులలో ఒకరు సృష్టికిని, ఒకరు స్థితికిని, ఒకరు లయమునకును కర్తలని చెప్పుదురు. మన లేఖనములలో పని అట్లు పంచబడలేదు. సృష్టిలో తండ్రియు, ఆయన వాక్యమును, నీళ్లపైన అల్లాడిన ఆత్మయు కలరు (ఆది. 1:1–3, యోహాను 1:3). రక్షణలో తండ్రి పంపెను, కుమారుడు వచ్చెను, ఆత్మ మన హృదయములలో దానిని స్థిరపరచుచున్నాడు (గలతీ. 4:4–6). పని యొక్కటే, చేయు దేవుడొక్కడే.

ఈ బోధ ఎక్కడనుండి వచ్చెను?

అట్లయిన ముగ్గురి మాట ఎందుకు వచ్చెను? ఎవరో తత్త్వజ్ఞానులు కూర్చుండి కల్పించినది కాదు. దేవుడొక్కడే అని ప్రతిదినము పలుకుచు, ఆ మాటకొరకు ప్రాణమైనను విడుచుటకు సిద్ధమైన యూదులకే ఇది ఎదురైనది. చేపలు పట్టువారు, సుంకరి, సామాన్యులు యేసుతో నడిచిరి. దేవుడు మాత్రమే క్షమింపగల పాపములను ఆయన క్షమించెను (మార్కు 2:5–7). తోమా ఆయనను తన ప్రభువని, తన దేవుడని పిలిచినప్పుడు ఆయన వారింపలేదు (యోహాను 20:28). లుస్త్రలో జనులు పూజింపవచ్చినప్పుడు పౌలును బర్నబాయు బట్టలు చింపుకొని అడ్డుపడిరి (అపొ. 14:14–15), దేవదూత సయితము యోహాను నమస్కారమును నిరాకరించెను (ప్రకటన 22:8–9). యేసు మాత్రము నిరాకరింపలేదు. ఆయన దేవుడు కానియెడల అది ఎంత భయంకరమైన పాపము!

అయితే అదే యేసు తండ్రికి ప్రార్థించెను. యొర్దానులో కుమారుడు నీళ్లలోనుండి లేచి వచ్చుచుండగా, ఆత్మ పావురమువలె దిగి వచ్చెను, తండ్రి స్వరము ఆకాశమునుండి వినబడెను (మత్తయి 3:16–17). ముగ్గురును ఒక్క ఘడియలో అక్కడ నున్నారు. పెంతెకోస్తునాడు దిగి వచ్చిన ఆత్మ వట్టి గాలియో శక్తియో కాడు. ఆయనతో అబద్ధమాడుట దేవునితో అబద్ధమాడుట యని పేతురు అననీయకు చెప్పెను (అపొ. 5:3–4). తన చిత్తము చొప్పున వరములను పంచువాడు ఆయనే (1 కొరింథీ. 12:11). శిష్యులు ఈ మూడు సంగతులలో దేనిని విడువలేకపోయిరి: దేవుడొక్కడే, యేసు దేవుడు, ఆత్మ దేవుడు, అయినను కుమారుడు తండ్రి కాడు, ఆత్మ కుమారుడు కాడు. ఈ మూటిని కలిపి పట్టుకొనుటకే సంఘము త్రిత్వము అను పేరు పెట్టినది.

త్రిత్వము అను మాట బైబిలులో లేదుగదా అని కొందరు జయోత్సాహముతో అడుగుదురు. మాట లేదు, నిజమే. అంతియొకయ బిషప్పు థెయొఫిలు సుమారు 180వ సంవత్సరమున గ్రీకు భాషలోను, ఆఫ్రికావాడైన తెర్తుల్లియను మూడవ శతాబ్దపు ఆరంభములో లాటిను భాషలోను అట్టి మాటను వాడిరి. కాని పేరు పెట్టకముందే బిడ్డ ఇంటిలో ఉండును గదా! ప్రభువు తన శిష్యులకిచ్చిన చివరి ఆజ్ఞలో తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామము చెప్పబడినది (మత్తయి 28:19). నామములు అని ఆయన చెప్పలేదు. చెప్పబడినవారు ముగ్గురు, నామము మాత్రము ఒక్కటే.

బాటకు ఇరువైపుల గుంటలు

సంఘము ఈ బాటను నడచుచుండగా ఇరువైపుల గుంటలు కనబడినవి. అవి పాతవే, నేడు మన గుమ్మములకు వచ్చువారు క్రొత్తగా త్రవ్వినవి కావు.

మొదటి గుంట ఆరియుసుది. ఈయన ఐగుప్తులోని అలెక్సంద్రియలో పెద్ద. కుమారుడు ఎంత గొప్పవాడైనను సృష్టింపబడినవాడే అని బోధించెను. ఈ కలహమును తీర్చుటకై కొన్‌స్టంటైను చక్రవర్తి 325వ సంవత్సరమున నీకయ పట్టణమున బిషప్పులను సమకూర్చెను. కుమారుడు తండ్రితో ఏకతత్వము గలవాడని ఆ సభ ఒప్పుకొనెను. 381వ సంవత్సరమున కొన్‌స్టాంటినోపులు సభ ఆత్మను గూర్చిన భాగమును విస్తరించినది. మన ఆరాధనలో పలుకు నీకయ విశ్వాస ప్రమాణము ఆ విధముగా మనకు వచ్చినది. ఆ మొదటి సభ జరిగి 2025వ సంవత్సరమునకు 1700 సంవత్సరములు నిండినవి. ఈ సత్యము నిమిత్తము అలెక్సంద్రియ బిషప్పు అతనాసియుసు అయిదు పర్యాయములు తన స్థలమునుండి వెళ్లగొట్టబడెను.

ఒక్క మాటకొరకు ఇంత శ్రమ ఏల? మన ప్రాంతపువారికి దీనిని తెలియజేయుట సులభము. 1948వ సంవత్సరము వరకు మనము నిజాము ఏలుబడిలో నుంటిమి. ఆ దినములలోని దొరల గడులను గూర్చి, వెట్టిచాకిరిని గూర్చి మన తాతలు చెప్పగా వినియున్నాము. కష్టమైన పని వచ్చినప్పుడు దొర గడి దాటి రాడు, జీతగానిని పంపును. ఎండ జీతగానికి, ముల్లు జీతగానికి, దెబ్బ జీతగానికి. దొర అరుగుమీదనే యుండును. యేసు దేవుడు కానియెడల సిలువ సంగతియు ఇట్టిదే యగును. దేవుడు పరలోకమున సుఖముగా నుండి, మన పాపముల భారమును మోయుటకు వేరొకనిని పంపినట్లగును. అట్టివానికి మనము భయపడవచ్చును గాని, ఆయనను ప్రేమింపగలమా? సువార్త అట్లు చెప్పుట లేదు. గడి తలుపు తెరచికొని వచ్చినవాడు దేవుడే. మేకులు దిగినది దేవుని కుమారుని చేతులలోనికే. కుమారుని చూచినవాడు తండ్రిని చూచెనని ప్రభువు ఫిలిప్పుతో చెప్పిన మాటకు అర్థమిదే (యోహాను 14:9). ఈ నిమిత్తమే అతనాసియుసు వెనుదీయలేదు.

రెండవ గుంట సబెల్లియుసుది. మూడవ శతాబ్దములో రోమాలో బోధించినవాడీయన. ఒకే దేవుడు ఒకప్పుడు తండ్రిగాను, ఒకప్పుడు కుమారునిగాను, ఒకప్పుడు ఆత్మగాను కనబడుచున్నాడని ఈ పక్షమువారి బోధ. మన గ్రామములకు పగటి వేషగాండ్రు వచ్చుట మీరెరుగుదురు. ఒకనాడొక వేషము, మరునాడు వేరొక వేషము. రంగు కడిగినయెడల లోపలి మనుష్యుడొక్కడే. దేవుడు అట్టివాడైనయెడల గెత్సేమనేలో యేసు ఎవరికి ప్రార్థించెను? చెమట రక్త బిందువులవలె కారుచుండగా ఎవరి చిత్తమునకు లోబడెను? తనతో తానే మాటలాడుకొనెనా? మన కన్నులయెదుట వేషము కట్టెనా? అట్లనుట ఆయన కన్నీళ్లను అవమానించుటయే. యేసు మాత్రమే అను బోధ యేసును ఘనపరచునట్లు కనబడును గాని, ఆయన ప్రార్థనను, ఆయన విధేయతను, తండ్రియెడల ఆయనకున్న ప్రేమను మన చేతిలోనుండి తీసివేయును.

ఉపమానములను గూర్చి యొక హెచ్చరిక

మన ప్రసంగీకులు ఆదివారపు బడి పిల్లలకు అనేక ఉపమానములు చెప్పుదురు. నీరు, మంచుగడ్డ, ఆవిరి అందురు. కాని ఒకే నీరు ఒక్కసారి మూడును కానేరదు, అది సబెల్లియుసు గుంటలో పడవేయును. ఒకడే తన తండ్రికి కుమారుడు, భార్యకు భర్త, బిడ్డకు తండ్రి అందురు. అదియు ఆ గుంటయే. ఒక్క కుండ క్రింద మూడు పొయ్యి రాళ్లు అందురు. అది ముగ్గురు దేవుళ్లయొద్దకు చేర్చును.

తెర్తుల్లియను చెప్పిన ఉపమానమొకటి మన ప్రాంతమునకు దగ్గరగా నున్నది: ఊట, దానినుండి పారు నది, నదినుండి తీసిన కాలువ, మూటిలోను నీరొక్కటే. పాలేరు జలాశయపు కట్టమీద నిలిచి చూచినవారికి ఇది బాగుగా తెలియును. ఎక్కడో పుట్టిన నీరు మన మడిలోనికే వచ్చుచున్నది. మడిలోనిది వేరు నీరు కాదు. అట్లే మన హృదయములోనికి వచ్చిన ఆత్మ తక్కువ దేవుడు కాడు, దేవుడే. కాని ఈ ఉపమానము కూడ ఒకచోట ఆగవలెను. కాలువ చివరి ఆయకట్టు రైతును అడుగుడి, నీరు చివరికి వచ్చుసరికి ఎంత సన్నగిల్లునో చెప్పును. దేవునియందు అట్టి సన్నగిల్లుట లేదు. తండ్రియందున్న సంపూర్ణత యంతయు కుమారునియందు కలదు (కొలస్సీ. 2:9). కాబట్టి ఉపమానమును చేతి కఱ్ఱవలె వాడుకొనుడి. అది నడచుటకు సాయపడును గాని ఇల్లు చేర్చినది కఱ్ఱ యని ఎవడును అనుకొనరాదు.

మన తెలుగు భాషయే మనకు కొంత సాయము చేయుచున్నది. మనుష్యులను లెక్కించునప్పుడు ఒకడు, ఇద్దరు, ముగ్గురు అందుము. ఇతరమైన వాటిని లెక్కించునప్పుడు ఒకటి, రెండు, మూడు అందుము. తానును తండ్రియును ఏకమైయున్నామని ప్రభువు చెప్పిన చోట (యోహాను 10:30) గ్రీకు మూలమున నున్నది ఒకడు అను మాట కాదు, ఒకటి అను మాట. మేమిద్దరమును ఒకడే అని ఆయన చెప్పలేదు. మేము ఒక్కటి అని చెప్పెను. ఆ మాట విన్న యూదులు రాళ్లు పట్టుకొనిరి. దాని బరువును వారు గ్రహించిరి. ఇంగ్లీషు తెలియని అవ్వకు సయితము ఒకడు, ఒకటి అను రెంటికిగల భేదము తెలియును. ఇందులో సబెల్లియుసుకును ఆరియుసుకును ఒకేసారి ఉత్తరము దొరకుచున్నది.

ముగ్గురు వ్యక్తులు అని మనము చెప్పునప్పుడు కూడ జాగ్రత్త యవసరము. లోకములో ముగ్గురు వ్యక్తులనగా మూడు ఇండ్లు, మూడు మనస్సులు, మూడు ఆధారు కార్డులు. దేవునియందు అట్టి విభజన లేదు. నాలుగవ, అయిదవ శతాబ్దములలో జీవించిన బిషప్పు అగస్టీను ఈ విషయమై గొప్ప గ్రంథము వ్రాసెను. అయినను వ్యక్తులు అను మాట సరిపోవునని కాదు, ఏమియు చెప్పక మౌనముగా నుండలేక దానిని వాడుచున్నామని ఆయనయే ఒప్పుకొనెను. అంతటి పండితుడే అట్లు చెప్పగా, మన మాటలు చాలకపోయినందుకు మనము సిగ్గుపడ నక్కరలేదు.

అయితే వివరింపలేని దానిని నమ్మవచ్చునా? ఈ ప్రశ్న న్యాయమైనదే. ఉత్తరము మోకాళ్లమీద దొరకును. చదువురాని సహోదరి యొకతె పొలమునుండి వచ్చి, దీపము వెలిగించి, తండ్రీ అని పిలుచును, యేసు నామమున అడుగును, మాటలు రానప్పుడు నిట్టూర్చును, ఆ నిట్టూర్పులో ఆత్మయే ఆమె పక్షముగా మొఱపెట్టును (రోమా. 8:15, 26). ఆమె ఎదుట దేవుడు, ఆమె ప్రక్కను దేవుడు, ఆమె లోపల దేవుడు. అయినను ఆమె ముగ్గురికి ప్రార్థింపలేదు. కుమారుని ద్వారా ఒక్క ఆత్మయందు తండ్రి సన్నిధికి చేరెను (ఎఫెసీ. 2:18). త్రిత్వము అను మాటను ఆమె వ్రాయలేకపోవచ్చును గాని, ప్రతి సాయంకాలము దానిలోనే నివసించుచున్నది.

దేవుడు ప్రేమయైయున్నాడు

ఇప్పుడు ఈ బోధయొక్క నడిబొడ్డునకు వచ్చుచున్నాము. దేవుడు ప్రేమయై యున్నాడని యోహాను వ్రాసెను (1 యోహాను 4:8). ప్రేమించుటకు ఇంకొకరు కావలెను గదా! లోకము పుట్టకమునుపు దేవుడు ఒంటరిగా నున్నయెడల, అప్పుడు ఆయన ఎవరిని ప్రేమించెను? మనలను చేసిన తరువాతనే ప్రేమింప నేర్చుకొనెనా? అట్లయిన మనము లేనియెడల ఆయన ప్రేమకు కొరత కలిగియుండును. జగత్తు పునాది వేయబడక మునుపే తండ్రి తన్ను ప్రేమించెనని మన ప్రభువు చెప్పెను (యోహాను 17:24). అనగా ప్రేమ దేవుడు చేయు పనులలో ఒకటి మాత్రమే కాదు. అది ఆయన జీవమే. మనలను ఆయన కొరతవలన సృజింపలేదు, నిండిన చెరువు అలుగు పారినట్లు ప్రేమ సమృద్ధివలన సృజించెను. ఏకత్వము అనగా ఒంటరితనము కాదు. ఇది త్రిత్వమునందు మనము నేర్చుకొను పాఠము.

ఇక్కడనుండి మన సంఘ జీవితమునకు ఒక కొలత వచ్చుచున్నది. సిలువకు పోవు రాత్రి ప్రభువు చేసిన ప్రార్థనలో, తండ్రియు తానును ఒకరియందొకరు ఉన్నట్లే విశ్వాసులందరును ఏకమై యుండవలెనని అడిగెను. దానిని చూచి లోకము నమ్మునని చెప్పెను (యోహాను 17:21). అట్లయిన త్రిత్వమును రుజువు చేయవలసినది ప్రసంగీకుని తర్కము మాత్రమే కాదు. సంఘముయొక్క ఐక్యతయే పొరుగువానికి కనబడు రుజువు.

ఈ ప్రార్థనను మన ప్రాంతములో మిక్కిలి గంభీరముగా తీసికొన్నవారు దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు. తిరునల్వేలి ప్రాంతపు గ్రామములో పుట్టి, మన తెలుగు ప్రజల మధ్యకు మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పు వారే. సంఘములు విడివిడిగా నుండుట సువార్తకు అడ్డమని చూచి, 1919వ సంవత్సరమున తరంగంబాడిలో జరిగిన ఐక్యత కూటములో ముఖ్యులైరి. 1945 జనవరి 1న వారు ప్రభువునందు నిద్రించిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. వారు కోరినదానిని కన్నులార చూడలేదు గాని, విత్తనము వారు చల్లినదే. మాల మాదిగ భేదము క్రీస్తు సంఘములో నిలువరాదని కూడ వారు పట్టుదలతో బోధించిరి.

సహోదరులారా, ఆ పని ముగిసినదా? దేవుడు ఒక్కడే అని విశ్వాస ప్రమాణమును నోట పలికి, మాల పేటకు వేరు ప్రార్థన, మాదిగ పేటకు వేరు ప్రార్థన కోరువాడు త్రిత్వమును గూర్చి ఏమి నమ్ముచున్నాడు? తండానుండి వచ్చిన లంబాడా సహోదరి చివరి చాపమీద ఒంటరిగా కూర్చుండిన, అడవి అంచునున్న గూడెమునుండి వచ్చిన కోయ సహోదరుని పలుకరించువాడు లేకపోయిన, మన ఒప్పుకోలు గాలికి పోయిన పొట్టువంటిది. మరియు ఏకమగుట అనగా అందరును ఒకే అచ్చులో పోయబడుట కాదు. తండ్రి కుమారునిలో కరిగిపోలేదు, కుమారుడు ఆత్మలో కరిగిపోలేదు. అట్లే లంబాడా సహోదరి తన భాషను, కోయ సహోదరుడు తన పాటను విడిచిపెట్ట నక్కరలేదు. భేదము నిలిచియుండగనే ప్రేమ నిలుచుట, ఇదియే మన దేవుని స్వభావము.

మరల బాప్తిస్మము పొందవలెనను వారికొరకు ఒక మాట. పెంతెకోస్తునాడు యేసు క్రీస్తు నామమున బాప్తిస్మము పొందుడని పేతురు చెప్పినది సత్యమే (అపొ. 2:38). కాని ఎఫెసులో కొందరు శిష్యులు పరిశుద్ధాత్మ యున్నాడన్న మాటయే మేము వినలేదని చెప్పగా, అట్లయిన మీరు దేనిలో బాప్తిస్మము పొందితిరి అని పౌలు అడిగెను (అపొ. 19:1–5). క్రీస్తు బాప్తిస్మము పొందినవారు ఆత్మను గూర్చి వినియుందురని గదా ఆ ప్రశ్నకు అర్థము! తొలి సంఘపు ఉపదేశ గ్రంథమైన దిదాకే కూడ తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామమున, వీలైనయెడల పారు నీటిలో, బాప్తిస్మమియ్యవలెనని నేర్పుచున్నది. కాబట్టి నీ బాప్తిస్మము చెల్లునా యని కలత పడకుము. ప్రభువు తన నోట చెప్పిన నామమున నీవు పొందితివి. నీ ఇంటిలో ఎవరైనను వేరు బోధకు లోబడియున్నయెడల వారిని తిట్టకుము, భోజనపు పంక్తినుండి వేరు చేయకుము. దేవుని ఏకత్వమును గూర్చి కలహించి, ఇంటి ఏకత్వమును పోగొట్టుకొనుట వలన ఎవరికి మేలు?

బజారులో ఎవరైనను మీకు దేవుళ్లెంతమంది అని అడిగినయెడల ఇట్లు ఉత్తరమిమ్ము: దేవుడొక్కడే. ఆ ఒక్క దేవుడు మా తండ్రి. ఆయన మాకు దూరముగా నుండక తన కుమారునియందు తానే మాయొద్దకు వచ్చెను. వచ్చి వెళ్లిపోక తన ఆత్మద్వారా మాలో నివసించుచున్నాడు. ఇంతకు మించి చెప్పలేకపోయినను కొరత లేదు. తరువాత నీ పొరుగువాడు నీ సంఘమువైపు చూచును. ఆ చూపు మన బల్లయొద్ద ఒకే పాత్రలో పాలుపొందువారిపై పడునట్లు, ఈ త్రిత్వ ఆదివారమునకు ముందే, ఎవరితో మాటలు మానితివో వారి గడప త్రొక్కి రమ్ము.

ప్రభువైన యేసు క్రీస్తు కృపయు, తండ్రియైన దేవుని ప్రేమయు, పరిశుద్ధాత్ముని సహవాసమును మన గ్రామ సంఘములన్నిటిని ఒక్కటిగా కాపాడునుగాక. ఆమేన్.